మయెల్ పక్కన చోటు

పోయిన వారం ఎతియెన్ వాస్సూర్‌ను మనం పోర్-లానెక్ పురపాలక భవనం మెట్ల మీద వదిలిపెట్టాం. చేతిలో చిన్న పెట్టె, మెడకు ఉన్ని మఫ్లరు, నాలుగు మెట్లెక్కితే ఆగి గాలి పీల్చుకోవాల్సిన డెబ్బై ఏళ్ల మనిషి. ఒకప్పుడు దర్శకుడిగా అతను తీసిన సినిమా విడుదలైతే పారిస్‌లో టిక్కెట్ల కోసం జనం వీధి మలుపు దాకా బారులు తీరేవారు. ఆ సినిమాల్లో కథానాయిక ఆర్మెల్ కెర్‌వెల్లా. ఆమె ఈ రేవు ఊళ్లో సార్డీన్ చేపల్ని డబ్బాల్లో పేర్చే కార్ఖానా పిల్ల. షూటింగుకని వచ్చిన ఎతియెన్ పందొమ్మిదేళ్ల ఆ పిల్లను చూసి, తెర మీదికి తీసుకుపోయి, ఆనక పెళ్లి కూడా చేసుకున్నాడు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు మయెల్ ఈ ఊళ్లో ఆర్మెల్ మేనత్త దగ్గర పెరుగుతూ తొమ్మిదో ఏట పోయింది. తల్లీ తండ్రీ ఎక్కడో పిరనీస్ కొండల్లో షూటింగులో ఉండగా పోయింది. ఆ తర్వాత ఆర్మెల్ మళ్లీ కెమెరా ముందు నిలబడలేదు, భర్తతో కాపురమూ చెయ్యలేదు. పుట్టిన ఊరికి వచ్చేసి, "నా బిడ్డకు దొరకని డాక్టరు ఇంకొకరి బిడ్డకు దొరకాలి" అంటూ ఆసుపత్రి కోసం రోడ్డెక్కింది. ఆసుపత్రి వచ్చింది. మేయరు పదవి వచ్చింది. ఇప్పుడు పార్లమెంటుకు పోటీ చెయ్యమని పార్టీ టిక్కెట్టు కూడా వచ్చింది. ఆ సంగతి ఈ సాయంత్రం రేవులోని చేపల వేలంశాలలో సభ పెట్టి ప్రకటించబోతున్నారు.

అలాంటి ఆర్మెల్ దగ్గరికి ఎతియెన్ ఇన్నేళ్ల తర్వాత ఒక్క కోరికతో వచ్చాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఈ వేసవి దాటడం కష్టమని డాక్టర్లు చెప్పేశారు. కూతురి పక్కన తనను పూడ్చడానికి ఇంత చోటు కావాలి. ఊళ్లో కాపురం లేనివాడికి శ్మశానంలో చోటివ్వాలంటే మేయరు ఒప్పుకోవాలి. "మంగళవారం రండి, చెబుతాను" అంది ఆర్మెల్.

ఇవాళ మంగళవారం.

*

"కూర్చోండి" అంది ఆర్మెల్, తలెత్తకుండానే.

"నిలబడతాలే. కూర్చుంటే లేవడం కష్టం. మళ్లీ నువ్వే చెయ్యివ్వాల్సి వస్తుంది."

ఒకప్పుడైతే ఇలాంటి మాటకు ఆమె నవ్వేది. ఇప్పుడు చేతిలోని కలం మూత పెట్టి పక్కన పెట్టింది. ఆమె వెనక కిటికీలోంచి రేవు కనబడుతోంది. సాయంత్రం సభకు కట్టుకోవాల్సిన మూడు రంగుల మేయరు పట్టీని గుమాస్తా సొలెన్ ఇస్త్రీ చేయించి కుర్చీ వీపుకు వేసి పోయింది.

"మీ కోరిక గురించి ఆలోచించాను. కుదరదు."

పద్నాలుగేళ్ల కాపురంలో "నువ్వు" అని పిలిచిన మనిషిని "మీరు" అంటోంది. ఆ మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంటోందని ఆమెకు తెలుసు. తెలిసే అంటోంది.

"ఎందుకు కుదరదో అడగవచ్చా?"

"శ్మశానంలో చోటు తక్కువ. ఊరివాళ్లకే చాలడం లేదు."

"మయెల్ పక్కన ఖాళీ ఉందిగా. నిన్న వెళ్లి చూసొచ్చాను. ఎవరో తెల్లపూల మొక్క వేశారు."

"నేనే వేశాను. అది నా చోటు."

"ఓహో." ఎతియెన్ పెట్టె కింద పెట్టాడు. "మరి రెండో పక్కన?"

"రెండో పక్కన మా నాన్న."

"అయితే కాళ్ల దగ్గరైనా ఫరవాలేదు. నేను పొడుగు మనిషినే కానీ ఈ మధ్య బాగా కుంచించుకుపోయాను. ఎక్కువ చోటు పట్టను."

ఆర్మెల్ లేచి నిలబడింది. ఇలాంటి మాటలతోనే కదా ఒకప్పుడు తనను ఈ ఊళ్లోంచి తీసుకుపోయాడు.

"నవ్వించకండి నన్ను. మీకు ఆ హక్కు లేదు. శుక్రవారం ఫోను వచ్చింది మీకు, పిల్లకు బాగాలేదని. శుక్రవారం, శనివారం, ఆదివారం. మూడు రోజులు ఆ కబురు కడుపులో దాచుకుని తిరిగారు. ఆదివారం నాడు ఆ వాగు పక్కన నన్ను నిలబెట్టి ఏమన్నారో గుర్తుందా? 'ఇంకోసారి ఆర్మెల్, ఈసారి నవ్వుతూ.' నేను నవ్వాను. ఇక్కడ నా బిడ్డ పోతోంది, నేను అక్కడ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ ఆ సినిమాలో ఉంది. టీవీలో వేస్తూనే ఉంటారు. ఎవరింట్లోనైనా అది వస్తుంటే లేచి వెళ్లిపోతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే బతుకు."

ఎతియెన్ నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. మఫ్లరు కొసను నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గాడు. తగ్గాక అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"అవును" అన్నాడు. "అలాగే అన్నాను."

"ఇంకేం చెప్పుకోరా?"

"ఏం లేదు."

"ఇన్నేళ్లలో ఒక్క మాట కూడా తయారుచేసుకోలేదా? రాత్రింబగళ్లు కూర్చుని ఎవరెవరికో మాటలు రాశారే. మీ కోసం ఒక్క ముక్క రాసుకోలేకపోయారా?"

అతను మఫ్లరు సర్దుకున్నాడు. అది చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"మీ సినిమా రీళ్లన్నీ ఎక్కడో గిడ్డంగిలో ఉంటాయిగా, వాటి పక్కన పూడ్చమనండి. కూతురికన్నా అవే ఎక్కువయ్యాయి కదా మీకు."

అనేశాక తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. అతను మాత్రం చిన్నగా తలూపాడు, షూటింగులో ఎవరైనా సలహా చెబితే విన్నట్టు. పెట్టె అందుకుని గుమ్మం దాకా పోయి ఆగాడు.

"గ్వెనొలే ఎలా ఉన్నాడు?"

గ్వెనొలే ఆర్మెల్ తమ్ముడు. ఒకప్పుడు పడవ నాయకుడు, ఇప్పుడు ఊరికి ఉపమేయరు. అక్క ఏ సభకు పోయినా ఆమెకన్నా ముందు మైకు పట్టుకుని నాలుగు మాటలు చెప్పేది అతనే.

"నా తమ్ముడి సంగతి మీకెందుకు?"

"ఊరికే అడిగాను. పెళ్లి చేసుకున్నాడా?"

"లేదు."

"తాగుతాడా?"

"చుక్క ముట్టడు. కారు కూడా తోలడు, ఎంత దూరమైనా నడిచే పోతాడు. మేనకోడలు పోయాక వాడు మనిషే మారిపోయాడు. కన్నతండ్రి కన్నా వాడే ఎక్కువ ఏడ్చాడు దాని కోసం."

"మంచిది" అన్నాడు ఎతియెన్. ఆ ఒక్క మాటలో ఏదో తృప్తి ఉంది. అది ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. "సాయంత్రం బస్సుకు వెళ్లిపోతాను. నీ సభకు అడ్డం రాను."

తలుపు మూసుకుంది. మెట్ల మీద అతను దిగుతున్న చప్పుడు, మధ్యలో ఆగిన చప్పుడు, మళ్లీ దిగుతున్న చప్పుడు వినబడ్డాయి. ఆర్మెల్ కుర్చీలో కూలబడింది. ఈ రోజు కోసం ఇన్నేళ్లు ఎదురు చూసింది. మొహం మీదే పొమ్మనాలని ఎన్ని రకాలుగా అనుకుందో. అనేసింది. గుండెల మీద బరువు దిగుతుందనుకుంది, దిగలేదు.

*

తలుపు తట్టకుండా తోసుకుని వచ్చింది ఫాన్షెట్ అత్త.

ఆర్మెల్ తండ్రికి తోబుట్టువు ఆమె. ఎనభై దాటాయి. తల్లి లేని ఆర్మెల్‌నూ గ్వెనొలేనూ పెంచింది ఆమే. ఆర్మెల్ సినిమాలకు పోయాక మయెల్‌ను పెంచింది కూడా ఆమే. వసారాలోని బల్ల మీద కూర్చుని ఉందని సొలెన్ చెప్పనే లేదు.

"అల్లుణ్ణి పొమ్మన్నావా?"

"ఆయన నీకు అల్లుడేంటత్తా? విడాకులై ఇరవై ఏళ్లు దాటితేనూ."

"నాకెవరూ విడాకులివ్వలేదు. పొమ్మన్నావా లేదా?"

"పొమ్మన్నాను."

"చోటు?"

"ఇవ్వనన్నాను."

ముసలామె చేతికర్రను బల్లకు ఆనించి, ఎతియెన్ కూర్చోనన్న కుర్చీలో కూర్చుంది.

"తలుపు వేసి రా."

"అత్తా, సభకు టైమవుతోంది. ఇంకా బట్టలు మార్చుకోవాలి."

"వెయ్యమన్నానా!"

ఆర్మెల్ తలుపు వేసి వచ్చింది. ముసలామె ఆమెను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది.

"ఆ ఫోను శుక్రవారం రాలేదే పిల్లా" అంది.

"ఏ ఫోను?"

"శుక్రవారం మయెల్ గెంతులేస్తూ ఉంది. వాకిట్లో కూర్చుని నాతోపాటు చేపలు కడిగింది. శనివారం కూడా బాగానే ఉంది. శుక్రవారం ఫోను ఎవరు చేస్తారు? ఎందుకు చేస్తారు?"

ఆర్మెల్‌కు ముందు చిరాకు వేసింది. ముసలితనం, మతిమరుపు, అనుకుంది. "మూడు రోజులు దాచానని ఆయన నోటితో ఆయనే చెప్పాడత్తా, నీ వంటింట్లోనే."

"చెప్పాడు. అబద్ధం చెప్పాడు. నా ఎదురుగా చెప్పాడు. నేను నోరు మూసుకుని విన్నాను."

కిటికీ అవతల ఏదో పడవ బూర మోగింది. ఆ మోత ఆగేదాకా అత్త ఆగింది.

"ఆదివారం పొద్దున్నే కడుపునొప్పి అంది పిల్ల. సెయింట్ ఆన్ తిరునాళ్లు ఆ రోజు. ఊళ్లో ఉన్న బళ్లన్నీ అటే పోయాయి. డాక్టరు కూడా పడవల పందెం చూడ్డానికి పోయాడు. నువ్వు నీ తమ్ముడికి ఎర్ర కారు కొనిపెట్టావు చూడు, వాడు దాన్నేసుకుని ముందే పోయాడు. పక్కింటి లూయిజ్‌ను సైకిలు మీద పంపించాను. పిల్లకు బాగాలేదు, పట్నం ఆసుపత్రికి తీసుకుపోవాలి, వెంటనే రమ్మను అని. అది పోయి వాణ్ణి పట్టుకుంది. చేతిలో గ్లాసు, పక్కన ఎవత్తో పిల్ల. 'వస్తున్నాను పద' అన్నాడట. రాలేదు. మధ్యాహ్నం మళ్లీ పంపించాను. 'అట్లు ఎక్కువ తినుంటుంది, వేణ్ణీళ్లు పట్టించమను' అన్నాడట."

"గ్వెనొలే?" అంది ఆర్మెల్. ఆ పేరు మొదటిసారి వింటున్నట్టు ఉంది ఆమెకు.

"వాడే. డాన్సులయ్యాక వచ్చాడు. అప్పటికి పిల్ల 'నొప్పి పోయింది బామ్మా' అంది. నేను సంతోషపడ్డానే! అది పోయిన నొప్పి కాదని నాకేం తెలుసు? పట్నం ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చెప్పాడు, లోపల పేగు పగిలిపోయిందని. మధ్యాహ్నం తెచ్చినా బతికేదన్నాడు."

"మరి ఎతియెన్?"

"మధ్యాహ్నం నేనే కాఫీ హోటల్నించి ఫోను చేశాను, నీ షూటింగు దగ్గరికి. అతనే ఎత్తాడు. కడుపునొప్పి, గ్వెనొలే వచ్చి తీసుకుపోతాడు, కంగారు లేదు అని నా నోటితో నేనే చెప్పాను. 'సాయంత్రం పనవగానే ఆర్మెల్‌తో మాట్లాడిస్తాను' అన్నాడు. అతను చేసిన తప్పు అంతే. ఒక పూట."

ఆర్మెల్ కుర్చీ దగ్గరికి వచ్చింది. "మూడు రోజులని ఎందుకు చెప్పాడు మరి?"

"పూడ్చిపెట్టే రోజు పొద్దున నువ్వు పైగదిలో ఉన్నావు, పిల్ల గౌను పట్టుకుని. నిన్ను ఎవరమూ కదపలేకపోయాం. అల్లుడు గాలి కోసం రేవు వైపు పోయాడు. రాతిగోడ చివర నీ తమ్ముడు నీళ్లలో ఉన్నాడు, జేబుల నిండా రాళ్లు వేసుకుని. అల్లుడికి ఈతొచ్చేది అంతంతమాత్రం. అయినా దూకాడు. ఇద్దరూ ఎలా ఒడ్డున పడ్డారో ఇప్పటికీ నాకు తెలియదు. వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చోబెట్టాను. నీ తమ్ముడు ఒకటే ఏడుపు, అక్కకు మొహం ఎలా చూపించను, నన్నెందుకు లాగావు అని. అప్పుడు అల్లుడు నాతో అన్నాడు, 'అత్తా, ఆర్మెల్ ఇప్పుడు ఎవర్నో ఒకర్ని తిట్టుకోకుండా బతకలేదు. తమ్ముణ్ణి తిట్టిందంటే వీడు మళ్లీ నీళ్లలోకే పోతాడు. ఉన్న ఒక్క తమ్ముడు కూడా పోతాడు. నన్ను తిట్టుకోనివ్వండి. నేను తట్టుకుంటాను' అని. ఆ తర్వాత నిన్ను కిందికి తీసుకొచ్చాం. నీకు చెప్పాడు, శుక్రవారం ఫోను వచ్చింది, నేనే దాచాను అని."

ఆర్మెల్‌కు ఆ రోజు గుర్తొచ్చింది. ఎతియెన్ జుట్టు తడిగా ఉంది ఆ రోజు. ఒంటి మీద ఆర్మెల్ తండ్రి పాత కోటు ఉంది. బిడ్డను పూడ్చే రోజున తలంటుకుని, శుభ్రంగా దువ్వుకుని వచ్చాడని అతని మీద అసహ్యం పుట్టింది ఆమెకు. ఆ తడి జుట్టును కూడా ఇన్నేళ్లు క్షమించలేదు.

"నువ్వెందుకు చెప్పలేదు నాకు?"

"లూయిజ్ చేత కూడా చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. ఒక నెలకు నీ కోపం చల్లారుతుందనుకున్నాం. అప్పుడు మెల్లగా చెబుదామన్నాడు. చల్లారలేదు. లాయరును పెట్టావు. తర్వాత ఊళ్లో ఆడవాళ్లందర్నీ కూడగట్టి రోడ్డు మీద కూర్చున్నావు. కలెక్టరు దిగొచ్చాడు. ఇటుకలొచ్చాయి, మంచాలొచ్చాయి, డాక్టర్లొచ్చారు. ఇంకెలా చెప్పను? నీ కోపం మీద ఆసుపత్రే కట్టేశావు. దాన్ని ఏ మొహంతో కదిలించను?"

ముసలామె లేవబోయింది. లేవలేకపోయింది. ఆర్మెల్ చెయ్యివ్వలేదు.

"ఇవాళ పొద్దున కాఫీ ఇప్పించాను అతనికి" అంది అత్త. "నువ్వైనా చెప్పుకో నాయనా, ఇప్పుడైనా చెప్పుకో అన్నాను. 'వద్దత్తా, ఆవిడ పెద్ద పదవికి పోతోంది, ఇప్పుడు పాతవి తవ్వుకోవడం ఎందుకు' అన్నాడు. మెట్లు దిగుతుంటే అతని మొహం చూశాను. ఇంక నా వల్ల కాలేదు."

*

మేయరు పట్టీని భుజాన వేసుకుని ఆర్మెల్ రేవు వెంట నడుస్తుంటే జనం పలకరిస్తున్నారు. "మేయరమ్మా, పార్లమెంటుకు పోయాక మమ్మల్ని మరిచిపోవద్దు!" అని వలలు ఎండేస్తున్న ఆడవాళ్లు అరిచారు. ఆర్మెల్ చెయ్యెత్తింది. గోడల మీద ఆమె బొమ్మలున్నాయి. బొమ్మ కింద ఆమె ఎప్పుడూ అనే ఆ డాక్టరు మాటే అచ్చు వేశారు.

సినిమా బొమ్మలంటే మయెల్‌కు పడేది కాదు. ఒకసారి ఊళ్లో తల్లి సినిమా ఆడింది. అందులో ఆర్మెల్ ఇంకో పిల్లకు తల్లి, దాని జుట్టు దువ్వి జడ వేస్తుంది. మయెల్ ఇంటికొచ్చి కత్తెరతో తన జడలు రెండూ కోసేసుకుంది. ఫోనులో అత్త చెబితే ఆర్మెల్ పడీ పడీ నవ్వింది. "జుట్టు మళ్లీ పెరుగుతుందిలే" అంది. అది పెరగకముందే పిల్ల పోయింది.

వేలంశాల వెనక ఐసు నిల్వ చేసే గది ఉంది. గ్వెనొలే అక్కడున్నాడు. ఉన్న ఒక్క సూటూ వేసుకుని, మెడకు టై చుట్టుకోవడానికి అవస్థ పడుతున్నాడు. అక్క అడుగుల చప్పుడు విని తిరిగాడు. ఆమె మొహం చూశాడు. టై మీద నుంచి చేతులు దిగిపోయాయి.

"అత్త చెప్పేసిందా?"

"నిజమేనా?"

"నిజమే అక్కా."

కాదంటాడని, ఏదో ఒకటి అడ్డం వేస్తాడని ఆమె లోలోపల ఆశపడింది. అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు నాతో డాన్సు చేసిన పిల్ల పేరు కూడా నాకు గుర్తు లేదు. మొహం కూడా గుర్తు లేదు. లూయిజ్ సైకిలు మీద వచ్చింది మాత్రం రోజూ కనబడుతుంది. రెండుసార్లు వచ్చింది."

"రెండుసార్లు" అంది ఆర్మెల్.

"అవునక్కా."

"ఇరవై రెండేళ్లు నా పక్కన నిలబడ్డావు. ప్రతి సభలో, ప్రతి ఊళ్లో, 'నా బిడ్డకు డాక్టరు దొరకలేదు, నా మొగుడు కబురు దాచాడు' అని నేను చెబుతుంటే పక్కనే నిలబడి విన్నావు. చప్పట్లు కొట్టావు."

"అది నాకు శిక్ష అనుకున్నాను. ప్రతిసారీ వింటే ఎప్పటికైనా తీరుతుందనుకున్నాను."

"నీ శిక్ష ఆయన అనుభవించాడురా" అంది ఆర్మెల్. "నువ్వు నా చేతి అన్నం తిన్నావు. నా పక్కన పదవిలో కూర్చున్నావు. ఆయన ఒంటరిగా ఎక్కడో దగ్గుతూ బతికాడు."

గ్వెనొలే తల వంచుకున్నాడు. "ఆయన వచ్చాడని విన్నాను. ఎదురుపడలేక రెండు రోజులుగా పడవ మీదే ఉంటున్నాను. ఎందుకొచ్చాడు?"

"చచ్చిపోతున్నాడు. మయెల్ పక్కన చోటడగడానికి వచ్చాడు. ఇవ్వనన్నాను."

నలభై అయిదేళ్ల మనిషి. తుఫానుల్లో పడవ నడిపినవాడు. అతను అలా కుంగిపోవడం ఆర్మెల్ ఎప్పుడూ చూడలేదు. చేపల బుట్టల మధ్య మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఆర్మెల్ చెయ్యి లేచింది. కొట్టడానికో, ఆ తల మీద వెయ్యడానికో ఆమెకే తెలియలేదు. దించేసింది. చిన్నప్పుడు వీణ్ణి చంకనేసుకుని ఈ రేవులోనే తిప్పింది. నాన్న పడవ మునిగిన రోజు వాడు తన గౌను అంచు పట్టుకునే నిద్రపోయాడు. మయెల్‌కు ఈత నేర్పింది వీడే. మయెల్‌ను మింగింది కూడా వీడేనా? ఈ రెండు సంగతులూ ఒక్క మనిషి దగ్గరే ఎలా ఉంటాయి?

బయట హాల్లో జనం పెరుగుతున్న రొద వినిపిస్తోంది. ఎవరో మైకు పరీక్షిస్తున్నారు. "ఆర్మెల్! ఆర్మెల్!" అని ఆడవాళ్ల గొంతులు లయగా లేచాయి.

గ్వెనొలే లేచాడు. ముక్కు తుడుచుకున్నాడు. టై లాగి జేబులో కుక్కుకున్నాడు.

"నేను చెప్పేస్తాను."

"ఏమని?"

"ఉన్నదున్నట్టు. అందరి ముందూ."

"చెబితే ఏమవుతుందో తెలుసా? ఈ ఊళ్లో నీకు ఎవరూ గుక్కెడు నీళ్లు ఇవ్వరు. నా పోటీ పోతుంది. ఆసుపత్రి మీద కన్నేసినవాళ్లు, అబద్ధం మీద కట్టారని రేపే దాని గేటుకు తాళం వెయ్యాలని చూస్తారు."

"తెలుసు. మరి చెప్పకపోతే?"

"మేయరమ్మా, పత్రికలవాళ్లు కూడా వచ్చేశారు!" అని గుమ్మంలోంచి ఎవరో పిలిచారు. ఆమె చేతులు యాంత్రికంగా మూడు రంగుల పట్టీని భుజం మీదుగా సర్దుకున్నాయి. తమ్ముడి వంక చూడకుండా హాల్లోకి నడిచింది.

*

చేపల వాసన ఎంత కడిగినా పోని హాలు అది. బల్లలు చాలక జనం బుట్టల మీద, గోడల మీద కూర్చున్నారు. పార్లమెంటులో తమ తరఫున ఒక చేపల కార్ఖానా పిల్ల కూర్చోబోతోందని వాళ్ల మొహాలు వెలిగిపోతున్నాయి. ముందు వరసలో బిడ్డల్ని ఎత్తుకున్న తల్లులున్నారు. ఆ బిడ్డల్లో సగంమంది ఆర్మెల్ కట్టించిన ఆసుపత్రిలోనే పుట్టారు. ఫాన్షెట్ అత్త ఓ మూల కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఎవరు లేచి చోటిచ్చినా కూర్చోవడం లేదు.

ఎప్పటిలాగే ముందు గ్వెనొలే మైకు దగ్గరికి వెళ్లాడు. జనం చప్పట్లు కొట్టారు. అతను టోపీ తీశాడు. సముద్రంలో పోయినవాళ్ల కోసం తీశాడేమో అనుకుని మగవాళ్లందరూ టోపీలు తీసేశారు.

"ఇన్నేళ్లుగా మా అక్క ఇక్కడ నిలబడి మీకో మాట చెబుతూ వచ్చింది" అన్నాడు గ్వెనొలే. "మీరందరూ నమ్మారు. మా అక్క కూడా నమ్మింది. అక్క తప్పేమీ లేదు. ఆ మాట..."

ఆర్మెల్ చూపు జనం తలల మీదుగా పోయి గుమ్మం దగ్గర ఆగింది. అక్కడ ఎతియెన్ నిలబడి ఉన్నాడు. చేతిలో పెట్టె ఉంది. బస్సు ఎక్కలేదు. గ్వెనొలే గొంతు విని ఆగిపోయినట్టున్నాడు. అతను ఆర్మెల్‌నే చూస్తున్నాడు. మెల్లగా తల అడ్డంగా ఊపాడు. ఒకసారి. మళ్లీ ఒకసారి. వద్దని. చెప్పనివ్వొద్దని. ఆపమని బతిమాలుతున్నాడు.

"ఆ మాట నిజం కాదు" అన్నాడు గ్వెనొలే.

హాలంతా ఒక్కసారి కదిలింది. "ఏంటీ?" అన్నారెవరో. ముందు వరసలో ఒక తల్లి చంకలోని బిడ్డను ఇంకా దగ్గరికి లాక్కుంది. పత్రికలవాళ్లు ముందుకు తోసుకొచ్చారు.

ఆర్మెల్ ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. రెండంగల్లో మైకు దగ్గరికి చేరి దాని మీద అరచెయ్యి అదిమింది. లౌడుస్పీకర్లలోంచి పెద్ద చప్పుడు వచ్చి గోడలకు కొట్టుకుంది.

"తప్పుకో" అంది, తమ్ముడికి మాత్రమే వినబడేలా.

అది కాపాడడానికి అన్న మాటో, కాదో గ్వెనొలేకు అర్థం కాలేదు. గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడ్డ ఎతియెన్‌కూ అర్థం కాలేదు. గ్వెనొలే పక్కకు జరిగాడు. ఆర్మెల్ భుజం మీది మూడు రంగుల పట్టీని తీసి, మడిచి, పక్కనున్న బల్ల మీద పెట్టింది. జనం వైపు తిరిగింది. మైకు మీద నుంచి చెయ్యి తీసింది.